విశాఖ బాటపై మజిలీ భోజనము

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రమును ఆనుకొని పోవు బాటకు ఎడమప్రక్కన తొట్లకొండ యను గుట్ట యొకటి కలదు. 1976వ సంవత్సరమున నౌకాదళమువారు ఆకాశమార్గమునుండి ఈ తీరమును పరిశీలించుచుండగా దాని నెత్తిమీది శిథిలములు కంటబడినవి. తరువాత 1988 మొదలు 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపి, క్రీస్తుకు పూర్వమే వెలసి అటుపిమ్మట రెండు మూడు శతాబ్దముల వరకు వర్ధిల్లిన బౌద్ధసంఘారామమును వెలికిదీసిరి. స్తూపమును, చైత్యగృహములను, భిక్షువుల గదులను, రోమక సామ్రాజ్యపు వెండినాణెములను గూర్చి చరిత్రకారులు విరివిగా వ్రాసియున్నారు గాని, నాకచ్చట మిక్కిలి కుతూహలము గొలిపినవి వేరు: వర్షజలమును నిలువచేసికొనుటకై రాతిని తొలిచి కావించిన తొట్లు, వంటశాలను కొట్టుగదిని చేరువనుంచుకొని కట్టిన విశాలమగు భోజనశాల. ఈ జిల్లాలో బాటసారుల భోజనమునకై కట్టిన కట్టడములలో నేడు మన కంటికి కనబడు మిక్కిలి ప్రాచీనమైనది ఇదియే కావచ్చును.

వానకాలపు మూడునెలలు ఒకచోట నిలిచి, తక్కిన కాలమంతయు కాలినడకను సంచరించుట భిక్షువునకు విధి. కావున వినయపిటకమును మతనియమావళిగా మాత్రమేకాక నిత్యప్రయాణికుల ఆహారశాస్త్రముగా గూడ చదువవచ్చును. మధ్యాహ్నము దాటిన పిమ్మట గట్టి ఆహారము ముట్టరాదు. భిక్షగా లభించిన అన్నమును మరునాటికై దాచుకొనరాదు. అయినను నడచి డస్సినవానికి సాయంకాలమున శోష రాకుండ మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష, తేనె మున్నగువానితో చేసిన ఎనిమిదివిధముల పానకములకు అనుమతి కలదు. జబ్బుపడినవాడు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపుపాకము అను నైదింటిని ఔషధములుగా నెంచి ఏడుదినముల వరకు దగ్గరనుంచుకొనవచ్చునను సడలింపు కలదు. ఏది నిలువయుండును, ఏది చెడును, ఏది నడకకు బరువు, ఏది బలము అను వివేచనయంతయు ఈ కొలదిపాటి నియమములలో ఇమిడియున్నది. బుద్ధునకు జ్ఞానోదయమైన క్రొత్తలో ఆహారము సమర్పించినవారు సైతము బాటసారులే: ఉక్కలదేశమునుండి బండ్లు తోలుకొని పోవుచున్న తపుస్సుడు, భల్లికుడు అను నిరువురు వర్తకులు. వారిచ్చినది వేయించి విసరిన ధాన్యపుపిండియు, తేనె కలిపిన ముద్దలును. ఆ ఉక్కలము మన పొరుగు ఉత్కలమేయని కొందరు పండితులు తలంచిరి. అదియే నిజమైనచో పేలపిండిమూటకు పుట్టినిల్లు మన తూర్పుతీరపు బాటయేయని మనము కొంత గర్వపడవచ్చును.

ఈ తీరమున నడచినవారి తిండి చరిత్రను తరచి చూడగా నాకు తోచినదేమనగా, మనవారు ప్రయాణములో ఏమి తినిరనుదానిని దూరము నిర్ణయింపలేదు. ధనముగూడ కొంతవరకే నిర్ణయించినది. ఎక్కువగా నిర్ణయించినది మజిలీ. ఎంతసేపటికొకమారు ఆగుదురు, ఆగినచోట పొయ్యి వెలిగించు వ్యవధి యుండునా, నీరెట్టిది, వండువారెవరు అను ప్రశ్నలకు ఒక్కొక్క కాలపు వాహనము ఒక్కొక్క సమాధానము చెప్పుచు వచ్చినది. ఆ సమాధానమును బట్టియే బాటసారి ఆరోగ్యము నిలుచుటయో, చెడుటయో జరిగినది.

మజిలీకంటె ముందు మూటను గూర్చి చెప్పవలెను. పోతన భాగవతమున గోపబాలురు యమునాతీరమున చల్దులారగించు ఘట్టమెరుగని తెలుగువాడుండడు. చల్దియనునది పేదవాని తిండియని పట్నవాసులు నిన్నమొన్నటివరకు చిన్నచూపు చూచిరి గాని, దానివెనుక నున్న యుక్తి చిన్నది కాదు. రాత్రి మిగిలిన అన్నమును నీటిలోనో గంజిలోనో మజ్జిగలోనో నానవేసినచో, తెల్లవారులోపల పులుపు పుట్టించు సూక్ష్మజీవులు అందు పెరిగి, తాము కల్పించిన ఆమ్లముచేత హానికరములైన అనేక క్రిములను తలయెత్తనీయవు. గంజిని కుండలో పులియనిచ్చి తరవాణియని వాడుకొనుట ఉత్తరాంధ్రపు పల్లెలలో నిత్యకృత్యము. వేకువను తెప్పమీద కడలిలోనికి పోవు జాలరి, సంతకు బండికట్టు రైతు, కొండదారిని కట్టెలమోపుతో దిగివచ్చు మన్యపు మనిషి, ఎవరైనను ఆ చద్దిని ఊరమిరపకాయతోనో ఉల్లిపాయతోనో తిని బయలుదేరినచో, ఎండ నడినెత్తికి వచ్చువరకు దాహమును ఆకలిని సైతము ఓర్వగలిగిరి. ఉప్పు, నీరు, పులుపు, పిండిపదార్థము అన్నియు ఒక్క ముంతలో కుదిరినవి.

ఒక పూటకు మించిన ప్రయాణమునకు చద్ది చాలదు, అప్పుడు పులిహోర. ఉడికించిన చింతపండుగుజ్జు, పసుపు, ఉప్పు, నువ్వులనూనె, ఆవపిండి కలిసిన అన్నము రెండవపూటకు రుచి హెచ్చునేగాని తగ్గదని ఇల్లాండ్రు అనుభవమున కనుగొనిరి. పులుపెక్కువైనచోట క్రిములు పెరుగుట కష్టమని నేటివారు చెప్పు కారణము వారికి తెలియకపోవచ్చును. కాని ప్రయాణమునకు కలుపు పులిహోరలో చింతపండు ఒకింత ఎక్కువ పడవలెననియు, అన్నము పూర్తిగా చల్లారినగాని మూతపెట్టరాదనియు వారికి రూఢిగా తెలియును. ఉడుకన్నమును మూతవేసి బిగించిన క్యారేజీలో ఆవిరి నీరై, ఆ నీటివలన అన్నము జిగురుగట్టి చెడుటను వారు చూచియుండిరి. దధ్యోదనమున చూపిన నేర్పు ఇంకను మెచ్చదగినది: అన్నము మెత్తగా ఉడికించి, కాచి చల్లార్చిన పాలు పోసి, అందు చెంచాడు పెరుగు మాత్రము తోడువేసి కట్టినచో, దారిలో నది తోడుకొని, విప్పువేళకు పుల్లనగాక కమ్మగా నుండును. ప్రయాణపు గంటలను లెక్కగట్టి తోడు వేయుట! ఏ వంటపుస్తకమును నేర్పని గణితమిది.

మూడునాలుగు దినముల దారికి తడితగులని వస్తువులే శరణ్యము. అటుకులు, పేలాలు, మరమరాలు, వేయించిన సెనగలు, సున్నుండలు, నువ్వుండలు, జంతికలు, వేరొక సంచిలో అనకాపల్లి బెల్లపుముక్క. మన్యమువైపు పోవువారు చోడిపిండియు సామబియ్యమును కట్టుకొనుచుండిరి. చోడిపిండికి వేడినీరొక్కటి దొరికిన అంబలి సిద్ధము. ఈ తీరమున పండిన ఉప్పును ఎద్దులపై గోతాములు వేసి జయపురము, బస్తరు సీమలకు మోసిన లంబాడీల బారులు నెలలకొలది ఇట్లే జీవించుచుండెడివి. ఇక పాత్రలమాటకు వచ్చినచో, మరత్రిప్పి బిగించు మరచెంబు లేని ప్రయాణము పెద్దలకు ప్రయాణముగా తోచెడిది కాదు. ఇంటి బావినీరు అందున్నంతవరకు ఊరి నీటితో నిమిత్తములేదు. విస్తళ్లకు మన్యపు అడవులలోని అడ్డాకు కలదు. వెడల్పుగను మందముగను ఉండు ఆ ఆకులో అన్నము గట్టినచో చినగదు, తడిసి జారదు, తిన్న తరువాత పశువునకు వేయవచ్చును. ప్లాస్టికు సంచి వచ్చినది మొదలు మనము పోగొట్టుకొన్న సుఖములలో నిదియొకటి.

మూట తరిగినచోట పూటకూళ్లయిల్లు మొదలగును. క్రీడాభిరామమున ఓరుగల్లునందలి పూటకూళ్లయింట ఒక్క రూకకు దొరకు భోజనపు వర్ణన కలదు: సన్నబియ్యపన్నము, గోధుమపిండివంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, పెరుగు. ఐదారువందల యేండ్లనాటి ఆ విస్తరిని నేటి ఆహారవైద్యుని ముందు పెట్టినను, నేతిని కొంచెము తగ్గింపుమనునేమోగాని మరియే లోపమును ఎత్తిచూపజాలడు. మన జిల్లాలకు చేరువగా చూడవలెనన్న గురజాడ కన్యాశుల్కము చాలును. 1892లో విజయనగరమున రంగమెక్కి 1897లో అచ్చైన ఆ నాటకమున గిరీశముతోపాటు పూటకూళ్లమ్మకును చిరస్థాయి కలిగినది. దిక్కులేని వితంతువులకు ఈ వృత్తి యొక్కటే గౌరవముగా బ్రతుకుటకు తెన్నుగా నుండెననియు, బాటసారియొక్క కడుపు అట్టి స్త్రీల వంటశుద్ధిపై ఆధారపడియుండెననియు మనము మరువరాదు. పేరునకు వారిని ఎగతాళి చేసినవారందరును వారి చేతి అన్నము తినినవారే.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ఈ విషయమున మనకు దొరికిన పెన్నిధి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి, కలకత్తా చూచుకొని, జగన్నాథము, గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణముల మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. దారినుండి మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల కాయన పంపుచువచ్చిన సంగతులే 1838లో గ్రంథరూపమున వెలువడినవి. బోయీలు, బంట్రోతులు, పరిజనము కలిసి నూరుగురికి పైబడిన సమూహమునకు దినదినమును రెండుపూటలు తిండి అమర్చవలసిన పెద్దమనిషి కంటితో ఆయన దారిని చూచెను. అందువలన గుడులు గోపురములతోపాటు, ఈ మజిలీలో అంగళ్లున్నవా, పాలు పెరుగు దొరకునా, కట్టెలు లభించునా, బావినీరు మంచిదా, చెట్లనీడ కలదా యను సంగతులను ఊరివెంట ఊరుగా గుర్తించుచు పోయెను. నేడు మనము దారిప్రక్క ఫలహారశాలలను గూర్చి పదిమంది అభిప్రాయములు వెదకి చదువుటకు, ఆయన గ్రంథమును చేతబట్టి బయలుదేరిన నాటి యాత్రికుని ఆతురతకును భేదము లేదు. ఆయన మాటకు పూచీ యుండెననుట యొక్కటే భేదము.

ఆ నాటి దినచర్య ఎట్టిదో ఊహింపుడు. వేకువజామున లేచి చల్లనివేళ ఏడెనిమిది క్రోసులు నడచుట, ఎండ ముదరకమున్నే మజిలీ చేరుట, స్నానము, వంట, మధ్యాహ్నభోజనము, విశ్రాంతి. సాయంకాలము వీలైనచో ఇంకొక రెండుక్రోసులు, లేనియెడల అచ్చటనే నిదుర. భోజనము దినమునకొకమారు గట్టిగా, వేడిగా, కడుపు ఖాళీయైన పిదప జరుగుచుండెడిది. తినిన వెంటనే కుదుపులేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీకథలలో మణిసిద్ధుడు గోపకుమారునకు ప్రతి మజిలీయందును ఒక కథ చెప్పునని ఒడంబడిక. ఆ కథలన్నియు భోజనానంతరపు తీరికలో పుట్టినవే. పన్నెండు సంపుటముల సాహిత్యమునకు చోటిచ్చిన తీరిక జీర్ణశక్తికి మాత్రము చోటీయకుండునా?

అట్లని ఆ కాలమును స్వర్ణయుగమనుట నా యుద్దేశము కాదు. ఈ బాటపై సత్రములు వెలయించిన దాతలు ఎందరో కలరు. సంస్థానాధీశులు, వర్తకులు, గుమాస్తాలు గూడ పుణ్యమునకై సత్రములు కట్టిరి. విశాఖలో కలెక్టరు టర్నరు పేర వెలసిన సత్రము నేటికిని ఊరివారి నోట నున్నది. గోదావరి లంకలలో 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవానికి సైతము వండిపెట్టి అపర అన్నపూర్ణయను పేరు గడించిరి. కాని సత్రములలో పెక్కింటి గడపలు అందరికిని తెరచియుండలేదు. కొన్నిట బ్రాహ్మణులకు మాత్రమే భోజనము, మరికొన్నిట ఇతరులకు బియ్యము పప్పులు కొలిచియిచ్చు స్వయంపాకము, అంటరానివారని త్రోసివేయబడినవారికి అరుగుక్రింది నేల. పల్లకిలోని వాడు మజిలీచేరి స్నానసంధ్యలు ముగించి విస్తరిముందు కూర్చొనువేళకు, అతనిని మోసినవాడు చెట్టుక్రింద మూడురాళ్లు పేర్చుకొని అంబలి కాచుకొనుచుండెను. ఇంటినుండి మూటకట్టుకొని పోవుటలో ఆరోగ్యముకంటె మడి ఎక్కువ పనిచేసినదని ఒప్పుకొనక తప్పదు. మడివలన కొంత ఆరోగ్యము కలిగియుండిన, అది కాకతాళీయము.

నీటిమాట వేరుగ చెప్పవలసియున్నది. మన జిల్లాలవారు రథయాత్రకై జగన్నాథమునకు కాలినడకను పోవుట తరతరముల ఆచారము. ఆషాఢమున, తొలకరి వానలలో, దారిచెరువులన్నియు కలుషితమైయుండు వేళ లక్షలమంది ఒక్కచోట గుమిగూడుటచేత కలరా ఏటేట చెలరేగి, తిరుగుదారిని గంజాము, శ్రీకాకుళముల వరకు వెంటాడుచుండెను. 1872లో ప్రకటింపబడిన హంటరు దొర ఒరిస్సా గ్రంథమున పురీయందలి యాత్రికుల బసలను, అందలి ఇరుకును మురికిని గూర్చిన వర్ణన చదువ మనస్సు కలగుండుపడును. 1884లో రాబర్టు కాఖ్ పండితుడు కలకత్తాలోని చెరువునీటియందు ఆ వ్యాధిక్రిమిని పట్టిచూపువరకు దోషము గాలిదో, తిండిదో, దేవతాకోపమో తెలియక జనులు తల్లడిల్లిరి. ఆ క్రిమి ఆమ్లమునకు మిక్కిలి భయపడును, మరిగించినచో చచ్చును. పుల్లని చద్దిని, మరిగించిన చారును, అప్పుడే దింపిన అన్నమును నమ్ముకొన్నవానికి తెలియకయే కొంత రక్షణ లభించినది. మజిలీలో పొయ్యి వెలిగింప ఓపికలేక, చెరువునీటితో అటుకులు తడిపి తినినవాని గతి వేరు. అటుకుల దోషమందు లేదు.

రైలు వచ్చి మజిలీని చంపినది. 1893 మొదలు 1896 వరకు బెజవాడనుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుదారి క్రమముగా తెరువబడినది. 1900లో గోదావరిపై హేవలాకు వంతెన సిద్ధమగుటతో చెన్నపట్టణము కలకత్తాల నడుమ ఉన్న పెద్ద అడ్డు తొలగినది. వాల్తేరు స్టేషను మహాకూడలి యైనది. వీరాస్వామయ్యకు నెలలు పట్టిన దారి రెండుదినముల పనియైనది గాని, రైలు ఆగు నిమిషములలో పొయ్యి వెలుగదు. దొరలకు, దొరలవంటివారికి ఫలహారశాలలు, తక్కినవారికి ప్లాటుఫారముమీది గంపలు. కులమునకొక నీటికుండ, కులమునకొక భోజనపుగది పెట్టి రైల్వేవారు పాత మడిని క్రొత్త ఇటుకలతో కట్టిరి. ఈ పరిస్థితిలో ఇంటిమూట తిరిగి ప్రాణము పోసికొన్నది. పులిహోర, దధ్యోదనము, కూజాతో నీళ్లు, నాలుగంతస్తుల క్యారేజీ లేక మూడవతరగతి పెట్టె లేదు. స్టేషనులలో దొరకువానిలో మేలైనవి ఋతువునుబట్టి వచ్చు పండ్లు, కాయలు, దుంపలు: వేసవిలో ముంజెలు, అటుపిమ్మట సింహాచలపు పనసతొనలు, అనాసముక్కలు, చలికాలమున ఉడికించిన తేగలు. తేగ పీచుపదార్థము మెండుగ కలది. గంటలకొలది కదలక కూర్చుండువానికి అంతకంటె హితమైన చిరుతిండి ఏ మిఠాయికొట్టులోను లేదని నా నిశ్చితాభిప్రాయము.

సముద్రప్రయాణమును గూర్చి రెండు మాటలు. 1933 అక్టోబరు 7న జలదుర్గయను ఓడ క్రొత్త రేవులో ప్రవేశించుటయు, అదే డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును ప్రారంభించుటయు ప్రసిద్ధములే. అంతకు ఎంతోముందునుండియే విశాఖ, భీమునిపట్టణము, కళింగపట్టణముల తీరమునుండి మనవారు వేలకొలది రంగూనునకు కూలికై పోవుచుండిరి. ఓడ పైతట్టుమీద చాపపరచుకొని పోవు ఆ బీదవారికి ఇల్లు విడుచునాడు ఆడువారు కట్టియిచ్చినవి పేలపిండి, ఎండుచేప, చింతపండు, మిరపకాయలు. తొలిదినమున సముద్రపు వికారముచేత తినబుద్ధి పుట్టనివానికి చింతపండురెబ్బయే ఔషధమైనది.

బస్సులు, లారీలు వచ్చిన పిదపనే మన యసలు కథ చిక్కుపడినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై వెనుక బొగ్గుకుంపటి తగిలించుకొని నడచిన బస్సులు మెరకదారిలో ఆగి ఆగి పోవుచుండుటచేత, దారిపొడుగున టీకొట్లు వెలసినవని పెద్దలు చెప్పుదురు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణాసంస్థ ఏర్పడి సర్వీసులను క్రమక్రమముగా తన చేతిలోనికి తీసికొన్న తరువాత, బస్సు ఎచ్చట ఎంతసేపు ఆగవలెనో కాగితముపై కెక్కినది. బస్సుస్టాండు క్యాంటీను పుట్టినది. ఇడ్లీ ఆ క్యాంటీనుల పుణ్యఫలము. ఆవిరిపై ఉడికినది, నూనెలేనిది, పులిసిన పిండితో చేసినది, వేడిగా వడ్డించునది; చట్నీలోని నీటిని మాత్రము శంకించినచో కారప్పొడితో తినవచ్చును. ప్రయాణికునకు దానికి సాటియగు ఫలహారము పూర్వులెరుగరు. అదే క్యాంటీనులో ప్రొద్దుటి నూనెలో సాయంకాలమువరకు వేగు బజ్జీని కోరుకొను మనవారి రుచిని గూర్చి ఏమి చెప్పుదును!

లారీవారి సంగతి వేరు. రేవు పెరిగినది, నౌకానిర్మాణకేంద్రము పెరిగినది, తరువాత ఉక్కు వచ్చినది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కుకర్మాగారము 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు చేతులమీదుగా జాతికంకితమైనది. ఇనుపచువ్వలు, చుట్టలు, ఎరువులు, బొగ్గు మోసికొని గాజువాకనుండి నాలుగుదిక్కులకు పోవు లారీల వరుస రేయింబవళ్లు తెగదు. పూర్వము ఐదవ నంబరని, 2010 తరువాత పదునారవ నంబరని పిలువబడు జాతీయరహదారిపై పంజాబువారు తమ లారీలతోపాటు ధాబాను తెచ్చిరి. ధాబాను నిందించుట నేడొక ఫ్యాషను. కాని తందూరులో అప్పుడు కాల్చిన గోధుమరొట్టె, ఉల్లిపాయముక్కలు, పప్పు, గ్లాసెడు మజ్జిగ అను మొదటి ధాబాభోజనమున దోషమేమియు లేదు. దోషము పగలు నిద్రించి రాత్రి తిను వేళలోను, మీగడ వెన్న మెత్తిన కూరలను పండుగవలె ప్రతిదినము కోరుటలోను, నిదుర రాకుండ త్రాగు ఆరేడు గ్లాసుల తియ్యని టీలోను కలదు. 1961 నాటి మోటారు రవాణాకార్మికుల చట్టము దినమునకు ఎనిమిదిగంటలకు మించి పని చేయింపరాదనియు, ఐదుగంటల కొకమారు అరగంట తక్కువకాకుండ విరామమీయవలెననియు శాసించినది. శాసనకర్తలకు తెలిసియో తెలియకయో పాత మజిలీనే చట్టమున కెక్కించిరి. సరకు ఫలానివేళకు చేరినగాని బాడుగ పూర్తిగా ముట్టదను వర్తకము ముందు ఆ అరగంట ఎన్ని లారీలకు దక్కుచున్నదో రహదారిపై కనులు తెరచి పోవు ఎవనికైన తెలియును. ముందుచూపుగల క్లీనరు పంపుపొయ్యి, బియ్యము, ఆవకాయజాడీ క్యాబినులో పెట్టుకొని, లారీనీడలో అన్నము దించుకొనుట నేను చూచి సంతోషించియున్నాను. అతడు బోయీల వారసుడు.

ఇక సొంతకారుల కాలము. ఆనందపురమునుండి అనకాపల్లి వరకు సుమారు 50 కిలోమీటర్ల ఆరువరుసల దారి నగరమును తప్పించి పోవుచున్నది. దానిపై పోవువానికి మద్దిలపాలెపు టిఫినుబండ్లు గాని, ఎన్.ఎ.డి. కూడలి భోజనశాలలు గాని కనబడవు. పెట్రోలుబంకు ప్రక్క అద్దాలకొట్టులో ఏడాదిక్రిందట పొట్లముకట్టిన వేపుళ్లు, రంగుల తీపినీళ్లు మాత్రము ఎదురగును. వేగము పెరిగినకొలది ఆకలి తీరకముందే ఊరు దాటిపోవుటచేత, ఆకలిని ఏదో ఒకదానితో మభ్యపెట్టుట అలవాటైనది. అయినను ఈ జాతీయరహదారిపైనే అన్నవరము కలదు. కొండదిగువ బండి ఆపి గోధుమనూక, తీపి, నెయ్యి, ఏలకులతో చేసిన ప్రసాదమును ఆకుపొట్లములో కొనని యాత్రికుడు అరుదు. తీపి విషయమున పరిమితి పాటింపవలసినవారు పాటింపవలెను గాని, తక్కిన గుణముల కది బౌద్ధభిక్షువుల ఔషధపంచకమునకు దగ్గరి చుట్టమే. విశాఖనగరమున వేసవి రాగానే రహదారుల ప్రక్క కుండలలో చోడి అంబలి, మజ్జిగ అమ్ముట మరల వాడుకలోనికి వచ్చినది, ఎం.వి.పి. కాలనీ ప్రాంతమున చిరుధాన్యముల ఇడ్లీపిండిని ఆకులో పోసి ఆవిరిపై ఉడికించి పెట్టు బండి ముందు ఉదయము వేళ కారులు బారులు తీరుట చూచితిమి. సామలు, చోళ్లు తినువారిని కొండవారని నవ్విన నగరమే వానికి నేడు బియ్యమునకు మించిన ధర పెట్టుచున్నది.

పాత మజిలీక్రమము చెక్కుచెదరక నిలిచిన దారి మాత్రము ఈ నగరములోనే యొకటి కలదు. ఆషాఢపౌర్ణమి సందర్భమున సింహాచలము కొండచుట్టును జరుగు గిరిప్రదక్షిణము 32 కిలోమీటర్ల నడక. తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, అడివివరము, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘరు, వెంకోజిపాలెము, మాధవధార, గోపాలపట్నముల మీదుగా రాత్రియంతయు నడచి లక్షలాది జనులు మరల కొండమొదలు చేరుదురు. వీధివీధిని పందిళ్లు వేసి సంఘములవారు మజ్జిగ, పానకము, అరటిపండ్లు, నానిన సెనగలు, దొన్నెలలో పులిహోర ఇచ్చుచుందురు. గడపదగ్గర కులమడుగువాడు లేడు. అనుభవముగల వృద్ధులు తొలి పందిరి పులిహోర జోలికి పోక, ఉప్పువేసిన మజ్జిగతోడనే సగము దారి గడిపి, మాధవధార చేరిన పిమ్మట మాత్రమే కడుపునకు కొంచెము పెట్టుదురు. క్రొత్తవారు మొదటి రెండు మైళ్లలోనే మూడు దొన్నెలు ముగించి వెంకోజిపాలెము వద్ద ప్రక్కపోటుతో గట్టుమీద కూలబడుదురు. హనుమంతవాక వద్ద ఈ నడక జాతీయరహదారిని దాటును. ఆ సాయంకాలము పోలీసువారు వాహనములకు దారి మళ్లించి, నడచువారిని ముందు పోనిత్తురు.